ఆల్థాన్: సూరత్ నైరుతి శివారు జనాభా, ఆర్థిక స్వరూపం

గుజరాత్‌లోని సూరత్ మహానగరానికి నైరుతి దిశలో భటార్, భీమ్‌రాడ్, వేసు, బమరోలి ప్రాంతాల నడుమ ఉన్న నివాస ప్రాంతం ఆల్థాన్. ఒకప్పుడు తాపీ నదికి దక్షిణాన ఉన్న వ్యవసాయ గ్రామాల్లో ఒకటైన ఈ ఊరు నేడు బహుళ అంతస్తుల నివాస సముదాయాలు, విశాలమైన రహదారులు, నగరపాలక సంస్థ ఉద్యానవనాలు, విద్యుత్ బస్సుల డిపోతో మధ్యతరగతి, ఎగువ మధ్యతరగతి ప్రజల నివాస కేంద్రంగా రూపాంతరం చెందింది. తూర్పున కొద్ది దూరంలోనే పాండేసరా అద్దకం, ముద్రణ మిల్లులు ఉన్నాయి. దక్షిణాన ఖజోద్‌లో వజ్రాల వ్యాపార కేంద్రం వెలిసింది. ఈ రెండు పరిశ్రమల మధ్య ఉండటం వల్లనే ఆల్థాన్ ఆర్థిక స్వరూపాన్ని సూరత్ నుంచి విడదీసి చూడటం సాధ్యం కాదు. ఇక్కడి ఇళ్ళ ధరను నిర్ణయించేది వస్త్రం, వజ్రం. ఆ ఇళ్ళను కట్టిన, ఆ మగ్గాలను నడిపే చేతుల్లో అధిక భాగం ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవే. వాటిలో తెలుగు చేతులూ ఉన్నాయి.

జనాభా

1961 జనగణన నాటికి సూరత్ నగర జనాభా 2.88 లక్షలు. 1971లో అది 4.71 లక్షలకు, 1981లో 7.76 లక్షలకు, 1991లో దాదాపు 15 లక్షలకు, 2001లో 24.33 లక్షలకు చేరింది. 2011లో నగరపాలక సంస్థ పరిధిలో 44.67 లక్షల మంది నమోదయ్యారు. అంటే యాభై ఏళ్ళలో జనాభా 15 రెట్లకు పైగా పెరిగింది. అయితే చివరి దశాబ్దపు పెరుగుదలను యథాతథంగా తీసుకోవడం సరికాదు. 2006లో నగర పరిధిని సుమారు 112 చదరపు కిలోమీటర్ల నుంచి 326 చదరపు కిలోమీటర్లకు విస్తరించారు. చుట్టుపక్కల గ్రామాలు, వాటి ప్రజలు ఒక్కసారిగా నగర లెక్కల్లోకి వచ్చి చేరారు. 2020లో పరిధిని మరోసారి పెంచడంతో విస్తీర్ణం 460 చదరపు కిలోమీటర్లు దాటింది. గ్రామం నగరంలోకి వలస రాకుండానే నగరవాసి కావడం సూరత్ చరిత్రలో పదేపదే జరిగిన ప్రక్రియ.

పరిధి విస్తరణను మినహాయించినా, సూరత్ జనాభా పెరుగుదలకు ప్రధాన కారణం జననాలు కావు, వలసలు. ఇందుకు అత్యంత స్పష్టమైన సాక్ష్యం స్త్రీ పురుష నిష్పత్తి. 2011లో దేశవ్యాప్తంగా ప్రతి 1,000 మంది పురుషులకు 943 మంది స్త్రీలు ఉండగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 993, గుజరాత్‌లో 919. సూరత్ నగరంలో మాత్రం అది సుమారు 756. నగరంలో పురుషుల కంటే స్త్రీలు దాదాపు 6 లక్షల మంది తక్కువన్నమాట. ఈ అంకెను చూడగానే భ్రూణహత్యలే కారణమని నిర్ధారించుకోవడం తొందరపాటు అవుతుంది. గుజరాత్‌లో ఆ సమస్య ఉన్నమాట నిజమే కానీ, ఇంత పెద్ద అంతరానికి అది ఒక్కటే కారణం కాజాలదు. ఒడిశాలోని గంజాం, ఉత్తరప్రదేశ్, బిహార్, మహారాష్ట్రలోని ఖాందేశ్, రాజస్థాన్, గుజరాత్‌లోనే ఉన్న సౌరాష్ట్ర ప్రాంతాల నుంచి ఉపాధి కోసం వచ్చిన పురుషుల్లో చాలామంది తమ కుటుంబాలను స్వగ్రామాల్లోనే ఉంచారు. జనగణన వారిని సూరత్‌లో లెక్కించింది, వారి భార్యలను గంజాంలో లెక్కించింది.

నగరంలోనూ ఈ నిష్పత్తి అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఆల్థాన్, వేసు, సిటీలైట్ వంటి పశ్చిమ, నైరుతి ప్రాంతాల్లో స్థిరపడినవారు ప్రధానంగా కుటుంబాలతో నివసించే వ్యాపారులు, ఉద్యోగులు, వృత్తి నిపుణులు. పాండేసరా, ఉధనా, సచిన్, కతార్‌గామ్, వేడ్ రోడ్ పరిసరాల్లోని మగ్గాల బస్తీల్లో ఒంటరి పురుషుల సంఖ్య అధికం. అక్కడ ‘మెస్’ అని పిలిచే సామూహిక గదులు కనిపిస్తాయి. ఒక గదిలో పగటి షిఫ్టు కార్మికుడు లేచి వెళ్ళిన చోటనే రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చినవాడు పడుకుంటాడు. ఒకే పక్కను రోజుకు ఇద్దరు పంచుకునే ఇలాంటి గదులు ఆల్థాన్‌లోని రెండు, మూడు పడకగదుల ఫ్లాట్లకు కేవలం కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి.

వస్త్ర పరిశ్రమ

మొగలుల కాలం నుంచీ జరీ, పట్టు వస్త్రాలకు సూరత్ ప్రసిద్ధి. నేటి పరిశ్రమ మాత్రం కృత్రిమ నూలుపై ఆధారపడినది. పాలియెస్టర్ నూలు తయారీ, మరమగ్గాలపై నేత, అద్దకం, ముద్రణ, కుట్టుపని, రింగ్ రోడ్డు మార్కెట్లలో టోకు వ్యాపారం వరకు అన్ని దశలూ ఒకే నగరంలో జరగడం దీని బలం. లక్షల సంఖ్యలో మరమగ్గాలు, వందల సంఖ్యలో అద్దకపు మిల్లులు ఉన్న ఈ నగరం దేశంలోని కృత్రిమ వస్త్రోత్పత్తికి ప్రధాన కేంద్రం. తెలుగు రాష్ట్రాల్లోని ఏ మండల కేంద్రంలోనైనా చీరల దుకాణంలో అందుబాటు ధరకు దొరికే పూల చీర సూరత్ నుంచి వచ్చినదే అయ్యుండే అవకాశం ఎక్కువ.

మగ్గాలు సాధారణంగా రోజుకు రెండు పన్నెండు గంటల షిఫ్టుల్లో నడుస్తాయి. కూలీ నెల జీతం కాదు, నేసిన మీటర్ల లెక్క. నూలు తెగినా, విద్యుత్తు పోయినా, గిరాకీ పడిపోయినా ఆ నష్టం నేరుగా కార్మికుని సంపాదనపై పడుతుంది. పరిశ్రమలో అత్యధిక భాగం చిన్న యూనిట్లుగా విడిపోయి ఉండటంతో నియామక పత్రాలు, భవిష్య నిధి, ఆరోగ్య బీమా వంటివి పెద్ద సంఖ్యలో కార్మికులకు అందడం లేదు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ సమయాన వేతనాలు లేక, ఇళ్ళకు వెళ్ళే దారి లేక సూరత్‌లో వలస కార్మికులు వీధుల్లోకి వచ్చిన దృశ్యాలు దేశం దృష్టిని ఆకర్షించాయి. నగరానికి వారు ఎంత అవసరమో, వారికి నగరంలో ఉన్న పునాది ఎంత బలహీనమో ఏకకాలంలో బయటపడిన సందర్భం అది.

పన్నుల విధానం కూడా ఈ పరిశ్రమను కుదిపింది. 2017 జూలైలో వస్తు సేవల పన్ను అమలులోకి రాగానే సూరత్ వస్త్ర వ్యాపారులు రెండు వారాలకు పైగా దుకాణాలు మూసివేసి సమ్మె చేశారు. అంతవరకు పన్ను పరిధిలో లేని బట్టపై 5 శాతం, కృత్రిమ నూలుపై 18 శాతం పన్ను విధించడం వారి ప్రధాన అభ్యంతరం. ముడిసరుకుపై ఎక్కువ, తయారైన సరుకుపై తక్కువ పన్ను ఉంటే చెల్లించిన సొమ్ము చిన్న నేత యజమానికి తిరిగి రాదు. అదే సంవత్సరం అక్టోబరులో నూలుపై పన్నును 12 శాతానికి తగ్గించారు. 2025 సెప్టెంబరు 22 నుంచి దానిని 5 శాతానికి కుదించడంతో నూలుకు, బట్టకు మధ్య ఉన్న అంతరం తొలగింది. ఎనిమిదేళ్ళు పట్టింది.

తెలుగు నేతన్నలు

సూరత్‌లోని తెలుగువారిలో అత్యధికులు తెలంగాణ ప్రాంతానికి చెందిన పద్మశాలీలు. చేనేత క్షీణించిన కాలంలో కరీంనగర్, నల్గొండ, వరంగల్, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి నేత కుటుంబాలు షోలాపూర్, ముంబై, భివండీలతో పాటు సూరత్‌కూ తరలివెళ్ళాయి. లింబాయత్, ఉధనా, డిండోలి వంటి ప్రాంతాల్లో వారి నివాసాలు కేంద్రీకృతమయ్యాయి. తాము వంశకర్తగా భావించే మార్కండేయ మహర్షి ఆరాధన, బతుకమ్మ పండుగ వారితో పాటు ఆ బస్తీలకు వెళ్ళాయి. అహ్మదాబాద్, చెన్నై మధ్య నడిచే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్, భుసావల్, బల్లార్షా, వరంగల్, ఖమ్మం, విజయవాడ మీదుగా వెళుతుంది. ఒక వలస మార్గాన్ని రైలు పట్టాలపై చూడదలచినవారికి ఈ స్టేషన్ల వరుస చాలు.

భాషాపరంగా ఇక్కడొక విశేషం ఉంది. సిరిసిల్లలో మరమగ్గాన్ని ‘సాంచా’ అంటారు. గుజరాతీలో ‘సంచో’ అంటే యంత్రం, సూరత్ నేతగాళ్ళ వాడుకలో మరమగ్గం. తెలంగాణ నేతకారుడు పశ్చిమ తీరానికి శ్రమను తీసుకువెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు యంత్రంతో పాటు దాని పేరునూ వెంట తెచ్చుకున్నాడనడానికి ఇలాంటి పదాలు ఆనవాళ్ళు.

సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక విద్యా సమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఆంగ్లం అనే ఏడు మాధ్యమాల్లో పాఠశాలలు నడుపుతోంది. తెలుగు రాష్ట్రాల్లోనే తెలుగు మాధ్యమం కుంచించుకుపోతున్న వేళ, 1,000 కిలోమీటర్ల దూరాన ఒక గుజరాతీ పురపాలిక తెలుగు వాచకాలతో బడులు నిర్వహించడం గమనార్హం. అయితే ప్రాథమిక స్థాయి దాటాక తెలుగులో చదువు కొనసాగించే అవకాశాలు పరిమితం. మగ్గం కార్మికుని పిల్లలు గుజరాతీ, హిందీ, లేదా ఆంగ్ల మాధ్యమంలోకి మారవలసి వస్తుంది. మొదటి నుంచే ఆ మాధ్యమాల్లో చేర్చాలా, కొన్నేళ్ళు మాతృభాషలో చదివించి తర్వాత మార్చాలా అన్నది ప్రతి తెలుగు కుటుంబమూ తేల్చుకోవలసిన ప్రశ్న. ఈ నిర్ణయాల మొత్తమే రేపటి సూరత్‌లో తెలుగు నిలుస్తుందా లేదా అన్నదాన్ని తేలుస్తుంది.

వలసపోయిన నేతన్నలను తిరిగి రప్పించడం తెలంగాణ ప్రభుత్వ ప్రకటిత లక్ష్యాల్లో ఒకటి. 2017 అక్టోబరులో వరంగల్ సమీపాన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగినప్పుడు సూరత్, భివండీ, షోలాపూర్‌లలోని నేత కుటుంబాలు స్వస్థలాలకు రావాలన్న ఆకాంక్ష వ్యక్తమైంది. అదే ఏడాది బతుకమ్మ చీరల పంపిణీ మరో కోణాన్ని చూపింది. సిరిసిల్ల మగ్గాలు తక్కువ వ్యవధిలో అన్ని చీరలూ నేయలేకపోవడంతో ప్రభుత్వం కొంత భాగాన్ని సూరత్ నుంచి తెప్పించింది. నాణ్యత లేదంటూ కొన్నిచోట్ల మహిళలు ఆ చీరలను తగులబెట్టారు. సిరిసిల్ల నేతకారుల ఉపాధి కోసమని మొదలైన పథకంలోకి, ఆ జిల్లా నుంచే వెళ్ళినవారూ పనిచేసే నగరపు సరుకు వచ్చి చేరడం వలస ఆర్థిక వ్యవస్థలోని వైచిత్రి.

వజ్రాలు

ప్రపంచంలో సానబెట్టే వజ్రాల్లో సంఖ్యాపరంగా దాదాపు 90 శాతం సూరత్‌లోనే రూపుదిద్దుకుంటాయని పరిశ్రమ వర్గాల అంచనా. ఇక్కడ సానపట్టే కార్మికులను ‘రత్నకలాకార్’ అని గౌరవంగా పిలుస్తారు. వారిలో అధికులు సౌరాష్ట్ర నుంచి వచ్చినవారు. పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే సూరత్ రేవులో దిగి గోల్కొండకు, అక్కడి నుంచి కృష్ణా తీరంలోని కొల్లూరు గనులకు ప్రయాణించాడు. సూరత్ నుంచి గోల్కొండకు వెళ్ళే దారులను తన యాత్రా గ్రంథంలో నమోదు చేశాడు. నాడు తెలుగు నేలలో పుట్టిన రాళ్ళ కోసం సూరత్ మీదుగా వర్తకులు వచ్చేవారు. నేడు రష్యా, ఆఫ్రికా దేశాల ముడి వజ్రాలు సూరత్ చేరుతున్నాయి. కొల్లూరు ఊరు పులిచింతల జలాశయంలో మునిగింది.

ఆల్థాన్‌కు దక్షిణాన ఖజోద్‌లో నిర్మించిన సూరత్ డైమండ్ బోర్స్‌ను ప్రధానమంత్రి నరేంద్ర మోదీ 2023 డిసెంబరు 17న ప్రారంభించారు. దాదాపు 67 లక్షల చదరపు అడుగుల అంతస్తుల విస్తీర్ణంతో అమెరికా రక్షణ కేంద్రం పెంటగాన్‌ను మించిన కార్యాలయ భవనంగా ఇది గుర్తింపు పొందింది. తొమ్మిది గోపురాల్లో నాలుగు వేలకు పైగా కార్యాలయాలున్నాయి. వజ్రాలు సూరత్‌లో తయారై ముంబైలో అమ్ముడవుతుండగా, ఆ అమ్మకాన్ని కూడా ఇక్కడికే తేవడం దీని ఉద్దేశం. అయితే ముంబై బాంద్రా-కుర్లా సముదాయంలో స్థిరపడిన వర్తకులు తరలిరావడంలో జాప్యం జరిగింది. కాలం కూడా అనుకూలించలేదు. ఉక్రెయిన్ యుద్ధం నేపథ్యంలో జీ-7 దేశాలు 2024 జనవరి నుంచి రష్యా వజ్రాలపై ఆంక్షలు విధించాయి. ప్రయోగశాలలో తయారయ్యే వజ్రాలు సహజ వజ్రాల ధరను పడగొట్టాయి. 2024 ఆగస్టులో నగరంలోని అతిపెద్ద సంస్థల్లో ఒకటి గిరాకీ లేక తన కార్మికులకు పది రోజుల సెలవు ప్రకటించింది. 2025 ఆగస్టు 27 నుంచి భారత సరుకులపై అమెరికా సుంకం 50 శాతానికి చేరడంతో, ఆ మార్కెట్‌పై ఎక్కువగా ఆధారపడిన సూరత్‌కు మరో దెబ్బ తగిలింది.

ప్రయోగశాల వజ్రాల విషయంలో సూరత్ స్థితి ద్వంద్వమైనది. ఆ రాళ్ళను పెంచేదీ, సానబెట్టేదీ కూడా ఈ నగరమే. 2023 జూన్‌లో అమెరికా అధ్యక్షుని సతీమణి జిల్ బైడెన్‌కు ప్రధానమంత్రి బహూకరించిన 7.5 క్యారెట్ల వజ్రం అటువంటిదే. కొత్త యంత్రాలపై పెట్టుబడి పెట్టగల యజమానికి అది అవకాశం. రాయి లెక్కన కూలీ తీసుకునే రత్నకలాకార్‌కు రాయి విలువతో పాటు కూలీ కూడా పడిపోతుంది.

భూమి, నివాసం

ఆల్థాన్ రూపం మారిన తీరు తెలుగు పాఠకులకు ప్రత్యేక ఆసక్తి కలిగిస్తుంది. గుజరాత్‌లో 1976 నాటి నగర ప్రణాళిక, పట్టణాభివృద్ధి చట్టం ప్రకారం శివారు భూములను సేకరించరు, సమీకరిస్తారు. ఒక ప్రాంతంలోని క్రమం లేని పొలాలన్నింటినీ కలిపి, రహదారులకు, ఉద్యానాలకు, పాఠశాలలకు, బలహీన వర్గాల గృహాలకు కొంత భాగం మినహాయించి, మిగిలినదాన్ని క్రమబద్ధమైన ప్లాట్లుగా అసలు యజమానులకు తిరిగి ఇస్తారు. విస్తీర్ణం తగ్గినా విలువ పెరుగుతుంది. 2015లో అమరావతి కోసం ఆంధ్రప్రదేశ్ చేపట్టిన భూసమీకరణకు ఇది మూలరూపం వంటిదే. ముఖ్యమైన తేడా పరిమాణంలో ఉంది. గుజరాత్‌లో ఒక పథకం సాధారణంగా వంద, రెండు వందల హెక్టార్లకు మించదు, దశాబ్దాలుగా ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోయారు. అమరావతిలో 30,000 ఎకరాలకు పైగా ఒక్కసారే సమీకరించారు. నగరం అప్పటికే ఇంటి ముంగిట్లోకి వచ్చి ఉన్న ఆల్థాన్ రైతుకు ప్లాటు విలువ కళ్ళెదుట కనిపించింది. నగరం ఇంకా కాగితంపైనే ఉన్న రాజధాని రైతు ప్రభుత్వాల మాటపై ఆధారపడవలసి వచ్చింది. అయితే గుజరాత్ విధానంలోనూ భూమి లేని వ్యవసాయ కూలీకి దక్కే వాటా లేదు.

నగరపాలన

నేటి సూరత్ పరిశుభ్రతకు ఆరంభం 1994 సెప్టెంబరు నాటి ప్లేగు. 50 మంది వరకు మరణించగా, లక్షలాది మంది రోజుల వ్యవధిలో నగరం విడిచిపోయారు. 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు అధికారాలను ఆరు జోన్లకు వికేంద్రీకరించారు. అధికారులు ప్రతి ఉదయం వీధుల్లో ఉండాలని నిర్దేశించారు. ఆక్రమణల తొలగింపులో ధనికులకు మినహాయింపు ఇవ్వలేదు. 1996 నాటికే దేశంలోని పరిశుభ్ర నగరాల్లో సూరత్ రెండో స్థానం పొందింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి ప్రథమ స్థానంలో నిలిచింది.

నీటి విషయంలో ఆ స్థాయి నిశ్చింత లేదు. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి ఒక్కసారిగా భారీగా నీరు విడుదల చేయడంతో నగరంలో అత్యధిక భాగం మునిగింది. నైరుతి ప్రాంతాలకు తాపీ వరదతో పాటు ‘ఖాడీ’లనే వాగుల పోటు కూడా ఉంది. ఆల్థాన్ పక్కన ప్రవహించే కాంక్రా ఖాడీ ఒడ్డును నగరపాలక సంస్థ ఉద్యానంగా తీర్చిదిద్దింది. సమీపంలోని బమరోలిలో మురుగునీటిని మూడంచెల్లో శుద్ధి చేసి రోజుకు 4 కోట్ల లీటర్లను పాండేసరా మిల్లులకు విక్రయించే కేంద్రం 2014 నుంచి పనిచేస్తోంది. అద్దకానికి నది నీటిని తోడటం ఆ మేరకు తగ్గింది, పురపాలికకు ఆదాయమూ వచ్చింది.

రవాణా, రానున్న లెక్క

2021 జనవరి 18న భూమిపూజ జరిగిన సూరత్ మెట్రో మొత్తం పొడవు 40.35 కిలోమీటర్లు. సర్థాణా నుంచి డ్రీమ్ సిటీ వరకు సాగే మొదటి మార్గంలో ‘ఆల్థాన్ టెనామెంట్’, ‘ఆల్థాన్ గామ్’ పేర్లతో రెండు స్టేషన్లు ఉన్నాయి. గామ్ అంటే ఊరు, టెనామెంట్ అంటే తర్వాత వచ్చిన ఇళ్ళ కాలనీ. ఒకే ప్రాంతపు రెండు దశలు పక్కపక్క స్టేషన్ల పేర్లలో నిలిచిపోయాయి. ఆల్థాన్ డిపోలో సౌర విద్యుత్తుతో, వాహనాల్లో వాడి తీసిన బ్యాటరీలతో విద్యుత్ బస్సులకు చార్జింగ్ చేసే ఏర్పాటు కూడా ఉంది.

2019 నుంచి 2035 వరకు ప్రపంచంలో అత్యంత వేగంగా వృద్ధి చెందే నగరాల్లో సూరత్ ప్రథమ స్థానంలో ఉంటుందని, సగటు వార్షిక వృద్ధి 9 శాతం దాటుతుందని ఆక్స్‌ఫర్డ్ ఎకనామిక్స్ సంస్థ లోగడ అంచనా వేసింది. ఆ మొదటి పది నగరాల జాబితాలో హైదరాబాద్, విజయవాడ కూడా ఉన్నాయి. కొవిడ్‌కు, వజ్రాల మాంద్యానికి ముందు వేసిన అంచనా అది.

ప్రస్తుతం నీటి సరఫరా నుంచి పాఠశాలల వరకు అన్ని ప్రణాళికలకూ 2011 లెక్కలే అధికారిక ఆధారం. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది. కొత్త జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. మాతృభాష, పుట్టిన ఊరు, వలస కారణం వంటి వివరాలు అందులో సేకరిస్తారు. లింబాయత్ ఇంటికి వచ్చిన గణకునికి మాతృభాష తెలుగు అని చెప్పి నమోదు చేయించుకున్నవారే ఏడు మాధ్యమాల బడుల్లో తెలుగు తరగతులకు ఆధారమయ్యే లెక్కలోకి వస్తారు.